స్లాప్: కృత్రిమ మేధ కుమ్మరించే నాసిరకం సరుకుకు పుట్టిన కొత్త మాటలు

కృత్రిమ మేధ సాయంతో కుప్పలు తెప్పలుగా తయారై, తయారుచేసినవారు సైతం ఒకసారి సరిచూసుకోకుండానే, ఎవరూ కోరకపోయినా పాఠకుల ముందుకూ ప్రేక్షకుల ముందుకూ వచ్చిపడే నాసిరకం రాతలకు, బొమ్మలకు, వీడియోలకు, పాటలకు ఆంగ్లంలో 2024 నుంచి స్థిరపడిన వాడుక పేరు స్లాప్. ఏఐ స్లాప్ అనే జంటపదంగానూ ఇది వినిపిస్తుంది. అమెరికాలోని మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువు దీన్ని 2025 సంవత్సరపు పదంగా ఎంపిక చేసి, సాధారణంగా కృత్రిమ మేధతో పెద్ద మొత్తంలో తయారయ్యే, నాణ్యత కొరవడిన డిజిటల్ సమాచారం అనే అర్థాన్ని నమోదు చేసింది. అదే ఏడాది ఆస్ట్రేలియాలోని మెక్వారీ నిఘంటువు ఏఐ స్లాప్ అనే జంటపదాన్ని తన ఏటి మాటగా ప్రకటించింది. 2024లోనే ఆక్స్‌ఫర్డ్ ఏటి మాట తుది జాబితాలో ఈ మాట చోటు సంపాదించినా, ఆ ఏటి గౌరవం బ్రెయిన్ రాట్ అనే పదానికి దక్కింది. ఎడతెగని ఆన్‌లైన్ కాలక్షేపం వల్ల బుద్ధి మొద్దుబారడాన్ని ఆ పదం సూచిస్తుంది.

ఇంత త్వరగా నిఘంటువుల గడప తొక్కిన వాడుక మాటలు అరుదు. అందుకు కారణం ఈ మాట ఒక ఖాళీని పూరించడమే. కృత్రిమ మేధపై అంతవరకు జరిగిన చర్చ చాలావరకు నిజానిజాల చుట్టూ తిరిగింది: ఈ ఫొటో అసలుదా, నకిలీదా, ఈ వాక్యం సరైనదా, తప్పుడుదా. స్లాప్ అనే మాట వచ్చాక మరో ప్రశ్న వేయడం సాధ్యమైంది. దీన్ని లోకం మీదికి వదిలిన మనిషి దీనిపై ఏ కాస్తయినా శ్రద్ధ పెట్టాడా, లేక ఆ శ్రమనంతా చదివేవారి నెత్తిన వేశాడా అన్నదే ఆ ప్రశ్న. ఈ పదం చుట్టూ పుట్టిన మాటల్లో చాలావాటి వెనుక ఉన్నదీ ఈ ప్రశ్నే.

పదం వెనుక కథ

స్లాప్ పాత ఆంగ్ల పదమే. 18వ శతాబ్దంలో మెత్తటి బురదను సూచించిన ఈ మాట, 19వ శతాబ్దానికి వంటింట్లో మిగిలిన ఎంగిలి, తొక్కలు, కడుగునీళ్లు కలిపి పందులకు పోసే కుడితికి పేరైంది. ఆ తరువాత విలువ లేని సరుకు దేనికైనా వర్తించింది. 2022లో డాల్-ఈ 2, మిడ్‌జర్నీ, స్టేబుల్ డిఫ్యూజన్ వంటి బొమ్మలు గీసే సాధనాలు ఒకదాని వెంట ఒకటి జనం చేతికి అందినప్పుడు, వాటినుంచి వచ్చిపడుతున్న ఒకే మూసబొమ్మలను చూసి విసిగినవారు ఫోర్‌చాన్, హ్యాకర్ న్యూస్ వంటి చర్చావేదికల్లోనూ యూట్యూబ్ వ్యాఖ్యల్లోనూ ఈ మాటను వాడసాగారు. ఫోర్‌చాన్‌లో అప్పటికే యూదులపై ద్వేషంతో అల్లిన ఒక తిట్టుపదంలో స్లాప్ ఉత్తరపదంగా ఉండేది. నేడు ఈ మాట వాడేవారిలో చాలామందికి ఆ సంగతి తెలియదు, వారి వాడుకలో ఆ ద్వేషమూ లేదు. అయినా పదచరిత్ర రాసేవారు ఆ మచ్చను దాటవేయరాదు.

వీధి మాట పారిభాషిక పదంగా మారిన ఘట్టం 2024 మే నెలది. డీప్‌ఫేట్స్ అనే మారుపేరుతో రాసే ఒక సాంకేతికుడు, అవాంఛిత ఈమెయిళ్లకు స్పామ్ ఎలా పేరైందో, అవాంఛిత ఏఐ సరుకుకు స్లాప్ అలాగే పేరు కాబోతున్నదని ట్విటర్‌లో గుర్తించాడు. జాంగో అనే వెబ్ సాఫ్ట్‌వేర్ చట్రం సృష్టికర్తల్లో ఒకరైన సైమన్ విల్లిసన్ మే 8న ఆ పరిశీలనను అందుకుని విస్తరించాడు. ప్రచార సందేశమల్లా స్పామ్ కానట్లే ఏఐతో తయారైనదల్లా స్లాప్ కాదనీ, ఆలోచన లేకుండా తయారుచేసి, అడగనివారిపై రుద్దినప్పుడే అది స్లాప్ అవుతుందనీ అతడు గీసిన గీత నేటికీ ఈ పదానికి దొరికిన నిర్వచనాల్లో మేలైనది. కొద్ది రోజుల్లోనే బ్రిటన్‌లోని గార్డియన్, జూన్‌లో న్యూయార్క్ టైమ్స్ ఈ పదంపై కథనాలు వెలువరించాయి.

స్పామ్‌తో పోలిక ఊరికే తట్టినది కాదు. హార్మెల్ సంస్థ 1937లో అమ్మకానికి పెట్టిన డబ్బా మాంసం పేరు స్పామ్. మాంటీ పైథాన్ బృందం 1970లో ప్రదర్శించిన ఒక హాస్యనాటికలో ఆ పేరు పదే పదే వినిపించి మిగతా మాటలన్నిటినీ ముంచేస్తుంది. అక్కడినుంచి అది కంప్యూటర్ లోకానికి పాకింది. 1978లో ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్‌లో దాదాపు 400 మందికి ఒకేసారి వెళ్లిన కంప్యూటర్ అమ్మకపు ప్రకటన, 1994లో అమెరికా గ్రీన్‌కార్డు లాటరీ పేరిట యూజ్‌నెట్ చర్చావేదికలంతటా ఇద్దరు న్యాయవాదులు పరచిన ప్రకటన స్పామ్ చరిత్రలో మైలురాళ్లు. అవాంఛిత ఈమెయిల్‌కు పేరు పడిన తరువాతే దాన్ని వడగట్టే సాధనాలూ, దాన్ని పంపడం మర్యాద కాదనే సామాజిక నియమమూ, చట్టాలూ వచ్చాయి. స్లాప్ అనే పేరును ప్రచారంలోకి తెచ్చినవారు ఆశించినదీ అదే.

ఏది స్లాప్, ఏది కాదు

ఈ పదాన్ని దాని ఇరుగుపొరుగు మాటలతో కలిపేయడం పత్రికల్లో తరచు కనిపించే పొరపాటు. డీప్‌ఫేక్ అనేది ఒక నిర్దిష్ట వ్యక్తి ముఖాన్నో గొంతునో అరువు తెచ్చి మోసం చేసే ప్రయత్నం. 2023 నవంబర్‌లో నటి రష్మిక మందన్న ముఖాన్ని మరొకరి వీడియోకు అతికించిన ఉదంతం దీనికి ఉదాహరణ. అక్కడ లక్ష్యం ఉంది, శ్రమ ఉంది, బాధితురాలు ఉంది. హాల్యూసినేషన్, అంటే భ్రాంతి, యంత్రం లేనిదాన్ని ఉన్నట్లు ధీమాగా చెప్పడం. 2023లో కేంబ్రిడ్జ్ నిఘంటువు దీని క్రియారూపాన్ని ఏటి మాటగా ఎంచుకుంది. భ్రాంతి యంత్రపు లోపం, స్లాప్ మనిషి నడవడి. ఒక వ్యాసంలో ఒక్క తప్పూ లేకపోయినా, పది సైట్లలో ఉన్న సంగతినే పదకొండోసారి అటూ ఇటూ తిప్పి ప్రకటనల కోసం నింపితే అది స్లాపే అవుతుంది.

తాత్విక చర్చలో దీనికి ఒక పూర్వగామి ఉంది. అమెరికన్ తత్వవేత్త హ్యారీ ఫ్రాంక్‌ఫర్ట్ 1986 నాటి ప్రసిద్ధ వ్యాసంలో, అబద్ధమాడేవాడికి నిజమేమిటో తెలిసి దాన్ని దాచాలనే పట్టింపు ఉంటుందనీ, కల్లబొల్లి కబుర్లు చెప్పేవాడికి నిజంతో సంబంధమే ఉండదనీ, కనుక రెండోవాడే సత్యానికి పెద్ద శత్రువనీ వాదించాడు. ఆ వాదాన్ని చాట్‌జీపీటీ వంటి భాషా నమూనాలకు అన్వయిస్తూ గ్లాస్గో విశ్వవిద్యాలయ తత్వశాస్త్ర అధ్యాపకులు ముగ్గురు 2024లో ఒక పరిశోధనపత్రం ప్రచురించారు. అదే ఏడాది హానిగన్, మెకార్తీ, స్పైసర్ అనే నిర్వహణశాస్త్ర పరిశోధకులు ఫ్రాంక్‌ఫర్ట్ వాడిన బుల్‌షిట్ అనే పదాన్ని బాట్‌తో కలిపి బాట్‌షిట్ అనే మాటను ప్రతిపాదించారు. చాట్‌బాట్ అల్లిన కల్పిత సమాచారాన్ని మనిషి విచారించకుండా తన పనిలో వాడేసుకోవడం దాని అర్థం. నిర్వచనం పదునైనదే అయినా, పెద్దమనుషుల సభలో పలకడానికి ఇబ్బందికరమైన ఆ మాట పరిశోధనపత్రాలు దాటి పెద్దగా వ్యాపించలేదు.

రొయ్యల ఏసు, అతడి ఆర్థికశాస్త్రం

స్లాప్ అనగానే ఎక్కువమందికి గుర్తుకు వచ్చే బొమ్మ 2024 తొలి నెలల్లో ఫేస్‌బుక్‌లో వ్యాపించిన రొయ్యల ఏసుది. సముద్రగర్భంలో చేతులు చాచి నిలిచిన క్రీస్తు దేహం నడుము నుంచి రొయ్య గుల్లలుగా, కాళ్లుగా, మీసాలుగా విడిపోయి ఉంటుంది. వెలుతురు పవిత్రచిత్రాల్లో మాదిరి పైనుంచి పడుతుంది. కింద వేలకొద్దీ ఆమెన్ వ్యాఖ్యలు. ఇదే కోవలో ప్లాస్టిక్ సీసాలతో కారు చేసిన పేద పిల్లవాడు, తనకెవరూ శుభాకాంక్షలు చెప్పలేదని కేకు ముందు కూర్చున్న ముదుసలి, కాళ్లు పోగొట్టుకుని అట్టముక్క పట్టుకున్న సైనికుడు లెక్కలేనన్ని రూపాల్లో కనిపించారు. భక్తి, జాలి, దేశాభిమానం అనే మూడు భావాలను మీటడమే వీటి పని. స్టాన్‌ఫర్డ్, జార్జ్‌టౌన్ పరిశోధకులు రెనే డిరెస్టా, జోష్ గోల్డ్‌స్టీన్ 2024లో ఇలాంటి బొమ్మలు పెట్టే 120 ఫేస్‌బుక్ పేజీలను పరిశీలించారు. ఆ బొమ్మలను యంత్రం గీసిందని పేజీలు చెప్పలేదనీ, వ్యాఖ్యలు రాసినవారిలో చాలామంది వాటిని నిజమైనవిగానే భావించారనీ వారు గమనించారు. 2023 మూడో త్రైమాసికంలో ఫేస్‌బుక్‌లో అత్యధికులు చూసిన 20 పోస్టుల్లో ఒకటి ఇలాంటి బొమ్మేననీ, దాన్ని 4 కోట్ల సార్లు చూశారనీ వారి అధ్యయనం తెలిపింది.

ఇంత విచిత్రమైన సరుకు ఎవరు, ఎందుకు తయారుచేస్తారన్న ప్రశ్నకు 404 మీడియా అనే అమెరికన్ పత్రిక 2024 ఆగస్టులో స్పష్టమైన సమాధానం ఇచ్చింది. ఫేస్‌బుక్ తన వేదికపై ఎక్కువ స్పందన రాబట్టే పేజీలకు బోనస్ రూపంలో డాలర్లు చెల్లించే పథకం నడిపింది. ఆ సొమ్ము కోసం భారత్, వియత్నాం, ఫిలిప్పీన్స్ వంటి దేశాల యువకులు రోజుకు పదుల కొద్దీ బొమ్మలు పుట్టించారు. ఆ విద్యను నేర్పే హిందీ యూట్యూబ్ పాఠాలకు లక్షల వీక్షణలు వచ్చాయి. ఇక్కడ నిందను ఆ యువకులపై మాత్రమే మోపడం న్యాయం కాదు. ఒక బొమ్మకు అయ్యే ఖర్చు దాదాపు సున్నా. వెయ్యి బొమ్మల్లో ఒక్కటి పేలినా అమెరికన్ ప్రకటనదారు చెల్లించిన డాలర్లలో వాటా రూపాయల్లో నెల జీతానికి సమానం కావచ్చు. ఏది పేలుతుందో నిర్ణయించే అల్గారిథమ్, అంటే ఎవరికి ఏది చూపాలో ఎంచే గణన విధానం, చూపు నిలిచిన సెకన్లనే తూస్తుంది గాని ఆ చూపు ఆరాధనతో నిలిచిందా, దిగ్భ్రాంతితో నిలిచిందా అని చూడదు. రొయ్యకూ ఏసుకూ పెళ్లి చేసినది ఆ తూకమే. ఏ పదాలు స్పందన తెస్తున్నాయో చూసి వాటినే కలిపి మళ్లీ మళ్లీ యంత్రానికి ఇవ్వడంతో ఏ మానవ చిత్రకారుడి ఊహకూ అందని రూపాలు బయటికి వచ్చాయి.

వీడియో సాధనాలు రావడంతో ఈ ధోరణి మరింత ముదిరింది. 2025 సెప్టెంబర్‌లో మెటా సంస్థ వైబ్స్ పేరుతోనూ, ఓపెన్ఏఐ సంస్థ సోరా పేరుతోనూ కేవలం ఏఐ వీడియోలే ప్రవహించే వేదికలను ప్రారంభించాయి. కాప్‌వింగ్ అనే వీడియో సాధనాల సంస్థ అదే ఏడాది చివర వెలువరించిన పరిశీలనలో, కొత్తగా తెరిచిన యూట్యూబ్ ఖాతాకు చూపిన షార్ట్స్‌లో దాదాపు ఐదో వంతు స్లాప్ కోవకు చెందినవని తేలింది. ఆ కోవలో అత్యధిక వీక్షణలు గల చానల్ ఒక కోతి సాహసాలు చూపే భారతీయ చానల్ కాగా, దాని వీక్షణలు 200 కోట్లు దాటాయి.

ఇక్కడే ఒక మినహాయింపును ప్రస్తావించాలి. 2025లో పిల్లల లోకాన్ని ఊపేసిన ఇటాలియన్ బ్రెయిన్‌రాట్ పాత్రలు, అంటే బూట్లు తొడిగిన సొరచేప ట్రలలేరో ట్రలలా, కాఫీకప్పు తల ఉన్న నర్తకి బాలెరీనా కాపుచీనా, ఇండొనేషియాలో పుట్టిన దుడ్డుకర్ర మనిషి తుంగ్ తుంగ్ తుంగ్ సహూర్, ఏఐ బొమ్మలే. అయితే పిల్లలు వాటికి పేర్లు, చుట్టరికాలు, కథలు కల్పించి ఆడుకున్నారు. మనుషుల ఊహ చేరాక ఆ సరుకు తీరు మారింది. వాటిని స్లాప్ అని కొట్టిపారేయడం పదాన్ని పలచన చేయడమే.

పుస్తకాలు, పత్రికలు, కార్యాలయాలు

బొమ్మల స్లాప్ కంటికి వెంటనే తగులుతుంది. రాతల స్లాప్ తగలదు, కనుక దాని హాని ఎక్కువ. చాట్‌జీపీటీ 2022 నవంబర్ 30న విడుదలైన మూడు నెలలలోపే, క్లార్క్స్‌వరల్డ్ అనే ప్రసిద్ధ వైజ్ఞానిక కల్పనా పత్రిక యంత్రం రాసిన కథల వరదకు తట్టుకోలేక 2023 ఫిబ్రవరి 20న రచనల స్వీకరణను తాత్కాలికంగా నిలిపివేసింది. ఆ నెలలో అప్పటికి దాదాపు 500 యంత్రకథలు వచ్చాయని సంపాదకుడు నీల్ క్లార్క్ తెలిపాడు. పంపినవారిలో ఎక్కువమంది కథకులు కారు. సులువుగా డబ్బు సంపాదించే మార్గాలు చెప్పే వీడియోలు చూసి వచ్చినవారు. కొత్త రచయితలకు తలుపులు తెరిచి ఉంచే పత్రికకే దెబ్బ ఎక్కువ తగిలింది, ఎందుకంటే పేరున్నవారినే ప్రచురించే పత్రికకు వరద చేరదు. అదే ఏడాది ఆగస్టులో అమెజాన్‌లో పుట్టగొడుగుల సేకరణపై ఏఐతో అల్లినట్లు అనుమానించిన పుస్తకాలు కనిపించి, విషపు పుట్టగొడుగును తినదగినదిగా భ్రమింపజేసే ప్రమాదం ఉందని నిపుణులు హెచ్చరించారు. సెప్టెంబర్‌లో ఆ సంస్థ ఒక్కో ప్రచురణకర్త రోజుకు మూడు కొత్త పుస్తకాలకు మించి పెట్టరాదనే పరిమితి విధించింది. రోజుకు మూడు పుస్తకాలు అనే పరిమితి అవసరమైందంటేనే వరద ఎంతటిదో అర్థమవుతుంది.

పత్రికారంగంలో 2025 మే నెలనాటి షికాగో సన్-టైమ్స్ ఉదంతం ప్రసిద్ధం. వేసవిలో చదవదగినవంటూ ఆ పత్రిక అనుబంధంలో వచ్చిన 15 పుస్తకాల జాబితాలో 10 పుస్తకాలు లోకంలో లేనే లేవు; చిలీ రచయిత్రి ఇసబెల్ అయెందె పేరిట కూడా ఆమె రాయని నవల ఒకటి అందులో చేరింది. అనుబంధాన్ని బయటి సంస్థ సమకూర్చింది, దానికి రాసినవారు యంత్రం ఇచ్చినదాన్ని సరిచూడలేదు, పత్రికలోని వారూ చదవలేదు. సంపాదక సిబ్బందిని తగ్గించుకుంటూ పోయిన పత్రికల్లో స్లాప్ ప్రవేశించడానికి దారి అప్పటికే తెరిచి ఉంది. 2024 అక్టోబర్ 31న డబ్లిన్ నగరంలో జరిగినది ఇంకా వింతైనది: ఏఐ సాయంతో వ్యాసాలు నింపే ఒక సైటు హాలోవీన్ ఊరేగింపు ఉందని రాయగా, గూగుల్ దాన్ని పైకి చూపగా, ఓకానెల్ వీధిలో వేలమంది పిల్లాపాపలతో గుమిగూడి రాని ఊరేగింపు కోసం ఎదురుచూశారు, చివరికి పోలీసులే అలాంటిదేమీ లేదని చెప్పి పంపారు.

కార్యాలయాల్లో పేరుకుపోయే ఇదే సరుకుకు 2025 సెప్టెంబర్‌లో వర్క్‌స్లాప్ అనే పేరు వచ్చింది. బెటర్‌అప్ సంస్థ, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని ఒక పరిశోధనశాల కలిసి హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసం దాని మూలం. చూడటానికి నిండుగా, చక్కని శీర్షికలతో ఉండి, తీరా చదివితే పని ముందుకు సాగనివ్వని నివేదికలు, ఈమెయిళ్లు, స్లైడ్లు దీని కిందికి వస్తాయి. వారు ప్రశ్నించిన 1,150 మంది అమెరికన్ ఉద్యోగుల్లో 40 శాతం మంది గడచిన నెలలో తమకు ఇలాంటిది అందిందని చెప్పారు. ఒక్కోదాన్ని సరిదిద్దుకోవడానికి సగటున దాదాపు రెండు గంటలు పట్టిందని తేలింది. పంపినవారు మిగుల్చుకున్న సమయం అందుకున్నవారి ఖాతాలో ఖర్చుగా పడుతుందన్నది ఆ వ్యాసంలోని కీలకాంశం.

సాఫ్ట్‌వేర్ రంగం మరో రెండు మాటలిచ్చింది. కృత్రిమ మేధ పరిశోధకుడు ఆండ్రే కర్పాతీ 2025 ఫిబ్రవరిలో పేరు పెట్టిన వైబ్ కోడింగ్, కోడ్‌ను చదవకుండా యంత్రానికి కోరిక చెప్పి వచ్చినదాన్ని వాడుకోవడం. దీన్ని కాలిన్స్ నిఘంటువు ఆ ఏటి మాటగా ఎంచుకుంది. భాషా నమూనాలు తరచు లేని సాఫ్ట్‌వేర్ ప్యాకేజీల పేర్లను ఉన్నట్లు సూచిస్తాయి. ఆ ఊహాపేర్లతో దుండగులు ముందే హానికర ప్యాకేజీలను నమోదు చేసి కాచుకుని ఉండటం స్లాప్‌స్క్వాటింగ్. ఉచితంగా అందరూ వాడుకునే కర్ల్ అనే సాఫ్ట్‌వేర్‌ను దశాబ్దాలుగా నిర్వహిస్తున్న డానియల్ స్టెన్‌బర్గ్, బహుమతి ఆశతో యంత్రం రాసిన అబద్ధపు భద్రతాలోపాల నివేదికలు తన బృందం కాలాన్ని తినేస్తున్నాయని 2024 జనవరి నుంచి చెబుతూ వచ్చి, చివరికి 2026 ఆరంభంలో ఆ బహుమతి పథకాన్నే ఎత్తివేశాడు.

మిగిలిన బంధుపదాల్లో కొన్ని నిలిచేవి, కొన్ని రాలిపోయేవి. ప్రతి చిన్న నిర్ణయానికీ చాట్‌బాట్‌ను అడిగేవారిని స్లాపర్ అంటున్నారు. స్టార్ వార్స్ కథాలోకంలో యంత్రసైనికులకు తిట్టుగా ఉన్న క్లాంకర్ 2025లో నిజలోకపు రోబోలకూ చాట్‌బాట్లకూ అంటుకుంది. రాజకీయ ప్రచారానికి వాడే స్లాప్‌కు క్లిన్‌సెవిచ్, అల్ఫానో, ఫర్ద్ అనే పరిశోధకులు స్లాపగండా అని పేరు పెట్టారు. గాజాను విలాసనగరంగా చూపే ఏఐ వీడియోను 2025 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ తన ఖాతాలో పెట్టడం, దాన్ని తాము వ్యంగ్యంగా తయారుచేశామని దాని కర్తలు చెప్పడం ఈ కోవలో బాగా చర్చకు వచ్చింది.

పేరుపై పేచీ

పదం వ్యాపించిన కొద్దీ దాని అంచులు అరిగిపోయాయి. ఇప్పుడు నచ్చని సినిమానూ, నాణ్యత లేని ఆటనూ కూడా స్లాప్ అంటున్నారు. మనిషి స్వయంగా గీసిన బొమ్మను ఏఐ స్లాప్ అని నిందించి చిత్రకారులను నొప్పించిన సందర్భాలూ ఉన్నాయి. హైదరాబాదులో పుట్టి మైక్రోసాఫ్ట్‌కు నాయకత్వం వహిస్తున్న సత్య నాదెళ్ల 2025 చివర రాసిన ఒక బ్లాగు టపాలో, స్లాపా కాదా అనే వాదాన్ని దాటి ముందుకు సాగాలని కోరాడు. దానికి బదులుగా నెటిజన్లు ఆ సంస్థ పేరునే మైక్రోస్లాప్‌గా మార్చి ప్రచారంలో పెట్టారు. సాధనం మేలైనదా కాదా అన్నది వేరే చర్చ. సాధనం నుంచి వచ్చినదాన్ని పైకి పంపే ముందు చదివే బాధ్యత ఎవరిదన్నది స్లాప్ అనే మాట లేవనెత్తిన అసలు విషయం. సాధనం ఎంత మెరుగైనా ఆ బాధ్యత తొలగదు, కనుక ఆ వాదాన్ని దాటవేయడం తొందరపాటే.

పదానికి శాస్త్రీయ ప్రాధాన్యం కూడా ఉంది. 2024 జూలైలో నేచర్ పత్రికలో షుమైలోవ్, అతడి సహపరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలో, ఒక భాషా నమూనా ఉత్పత్తితోనే తరువాతి నమూనాకు శిక్షణ ఇస్తూ పోగా, మధ్యయుగపు చర్చి కట్టడాల గురించి మొదలైన పాఠం తొమ్మిదో తరానికి రకరకాల రంగుల తోకలున్న కుందేళ్ల జాబితాగా క్షీణించింది. దీన్ని మోడల్ కొలాప్స్, అంటే నమూనా పతనం, అంటారు. ఈ భయం నుంచే 2022కు ముందరి రాతలకు లో-బ్యాక్‌గ్రౌండ్ స్టీల్ అనే మారుపేరు వచ్చింది. 1945లో అణుపరీక్షలు మొదలయ్యాక తయారైన ఉక్కులో గాలిలోని రేడియోధార్మికత కొద్దిగా చేరడంతో, సున్నితమైన కొలత పరికరాలకు అంతకు ముందరి ఉక్కునే వెతికి వాడేవారు. ఆ ఉక్కు పేరే యంత్రం తాకని రాతలకు వచ్చింది.

అదుపు చర్యలు

వికీపీడియాలో 2023 డిసెంబర్‌లో ఏఐ సరుకును ఏరివేసే స్వచ్ఛంద బృందం ఏర్పడింది. 2025 ఆగస్టులో, సరిచూడని యంత్రవ్యాసాలను చర్చ లేకుండా తొలగించే నియమాన్ని ఆంగ్ల వికీపీడియా ఆమోదించింది. యూట్యూబ్ 2025 జూలైలో ఒకే మూసలో కుప్పగా తయారైన వీడియోలకు ఆదాయం ఇవ్వరాదనే నియమాన్ని స్పష్టం చేసింది. చైనా 2025 సెప్టెంబర్ 1 నుంచి ఏఐ సరుకుపై గుర్తు తప్పనిసరి చేసింది. భారత ప్రభుత్వం 2025 అక్టోబర్‌లో ముసాయిదా విడుదల చేసి, 2026 ఫిబ్రవరిలో ఐటీ నియమాలను సవరించి, కృత్రిమంగా తయారైన దృశ్య, శ్రవ్య సమాచారంపై గుర్తు ఉండాలని నిర్దేశించింది. గుర్తు వేయడం నకిలీని పట్టిస్తుంది గాని నాసిరకాన్ని తగ్గించదు. ఈ నియమాల్లో ఆదాయాన్ని తాకేవే స్లాప్‌కు నిజంగా తగులుతాయి, ఎందుకంటే దాని వేరు ఆదాయంలోనే ఉంది.

తెలుగులో

తెలుగువారు ఈ సరుకును ఎక్కువగా ఏఐ చెత్త అంటారు. బొమ్మనో వీడియోనో అనుమానిస్తే ఏఐ అని ఒక్క మాటతో తోసిపుచ్చుతారు. ఆ తోసిపుచ్చడంలోని ప్రమాదాన్ని 2025 మార్చి, ఏప్రిల్ నెలల్లో హైదరాబాదులోని కంచ గచ్చిబౌలి వివాదం చూపింది. కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కనున్న 400 ఎకరాల్లో యంత్రాలతో చెట్లు తొలగిస్తుండగా విద్యార్థులు నిరసించారు. బుల్‌డోజర్ల ముందు జింకలు, నెమళ్లు పరుగెడుతున్న ఏఐ బొమ్మలు, జపాన్ యానిమేషన్ సంస్థ జిబ్లీ శైలి చిత్రాలు లక్షల ఫోన్లకు చేరాయి. నకిలీ బొమ్మలతో ప్రజలను రెచ్చగొట్టారంటూ తెలంగాణ ప్రభుత్వం కేసులు పెట్టింది. అలాంటి బొమ్మను పంచుకున్నందుకు ఒక సీనియర్ ఐఏఎస్ అధికారికి కూడా పోలీసులు నోటీసు ఇచ్చారు. బొమ్మలు కల్పితమైనా చెట్లు కూలిన మాట నిజం. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు నిలిపివేయించింది. నిజమైన ఆధారం చేతిలో ఉన్నవారు కూడా ఏఐ బొమ్మను ఆశ్రయిస్తే, ఎదుటిపక్షం అసలు ఫొటోలనూ అదే గాటన కట్టే వీలు కలుగుతుంది. అమెరికన్ న్యాయశాస్త్రవేత్తలు చెస్నీ, సిట్రన్ ఇలాంటి వెసులుబాటునే అబద్ధీకుడి లాభాంశం అన్నారు.

తెలుగు స్లాప్‌ను దగ్గరగా చూస్తే గుర్తులు తెలుస్తాయి. పండగ శుభాకాంక్షల బొమ్మల్లో వెనుకనున్న దుకాణం బోర్డుపై తెలుగు అక్షరాల వంపులు, తలకట్లు ఉంటాయి గాని ఏ అక్షరాన్నీ పోల్చుకోలేం. ఒత్తు ఏ హల్లు కిందిదో తెలియదు. రాతలో ఆంగ్ల వాక్యపు అస్థిపంజరం పైకి తేలుతుంది: ప్రతి పేరాలోనూ ఇది కేవలం ఫలానా మాత్రమే కాదు అనే ఎత్తుగడ, నేటి వేగవంతమైన ప్రపంచంలో అనే ఆరంభం, కర్త అక్కరలేని చోట్ల అతను, అది అంటూ సర్వనామాల బరువు. ఈ సమస్యకు పూర్వరూపం తెలుగు వికీపీడియా చూసిందే. గూగుల్ 2009 నుంచి 2011 వరకు అనువాద ఉపకరణం సాయంతో ఆంగ్ల వ్యాసాలను తెలుగులోకి చేర్చే పథకం నడిపినప్పుడు వ్యాసాల పొడవు, సంఖ్య పెరిగినా, వాటి కృతక భాషను దిద్దే భారం కొద్దిమంది స్వచ్ఛంద రచయితలపై పడింది.

ఆంగ్లంలో మంచి రాత అపారంగా ఉంది కనుక చెత్త ఎంత చేరినా వెతికితే మంచిది దొరుకుతుంది. వెబ్‌లో రాత తక్కువగా ఉన్న భాషల్లో పాళ్లు త్వరగా తారుమారవుతాయి. అలాంటి భాషల్లో వెబ్ పాఠంలో పెద్ద భాగం యంత్రానువాదమేనని అమెజాన్ పరిశోధకులతో కూడిన ఒక బృందం 2024లో చూపింది. గ్రీన్‌లాండిక్ భాషా వికీపీడియా యంత్రానువాదాలతో నిండిపోయి, 2025లో దాన్ని మూసివేయాలని నిర్ణయించడం ఇందుకు తాజా ఉదాహరణ. తెలుగు స్థితి అంతటిది కాదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన వేలాది తెలుగు పుస్తకాలు, ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ భద్రపరిచిన పాత పత్రికల సంచికలు, తెలుగు వికీసోర్స్‌లో స్వచ్ఛంద సేవకులు పుట పుటా సరిచూసి ఎక్కించిన గ్రంథాలు అన్నీ యంత్రం రాయడం నేర్వక ముందరివే. వాటిలో అధికభాగం ఇంకా స్కాన్ బొమ్మలుగానే ఉన్నాయి. అక్షరాలుగా మారి శోధనకు అందినది కొంతే.